పక్కన కూర్చునే మనిషి

అమెరికాలోని మోరిస్‌విల్ నుంచి యూనివర్సిటీకి పొద్దున్నే వెళ్తున్న కారు. నడిపేది షారన్, పక్క సీట్లో గిరిజ. ఇద్దరిదీ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉద్యోగం, ఏళ్ల తరబడి ఒకటే కారు.

"మాట్లాడొద్దా? మరి నేనెందుకక్కా అక్కడ?"

"పక్కన కూర్చోడానికి గిరిజా. సపోర్ట్ పర్సన్ అంటారట. కంప్లయింట్ పెట్టినవాళ్లు ఒక మనిషిని తెచ్చుకోవచ్చు. ఆ మనిషి నోరు మాత్రం మెదపకూడదు. కావాలంటే టిష్యూ అందించొచ్చు."

"టిష్యూ డబ్బా వాళ్లే పెడ్తరు కద."

"ఆ, అది మాత్రం పెడతారు. హెచ్‌ఆర్‌లో దేనికి లోటున్నా టిష్యూలకి లేదు. సరే, గురువారం హియరింగ్‌కి వస్తున్నావుగా?"

"గురువారమా... గురువారం డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉందక్కా."

"మొన్న కళ్ల డాక్టర్ అన్నావు?"

"అదీ ఉంది. అయినా అక్కా, ఇంత దూరం ఎందుకు తీస్కపోతున్నవ్? ఫస్ట్ డైరెక్టర్‌తోనే మాట్లాడితే..."

"మాట్లాడానుగా! మొదటి మెట్టు అదేనట. కొట్టినవాడి దగ్గరికే వెళ్లి, అయ్యా, తమరు కొట్టారు, నొప్పిగా ఉంది అని మనవి చేసుకోవాలి. చేసుకున్నాను. 'థాంక్యూ ఫర్ షేరింగ్' అన్నాడు. రెండో మెట్టు హెచ్‌ఆర్. ఆవిడ నీళ్ల బాటిల్ ఇచ్చి, 'ఐ హియర్ యూ' అంది. ఎదురుగా కూర్చుని అరగంట చెప్తే వినపడక చస్తుందా?"

"మంచిగనే మాట్లాడిందిలే."

"బ్రహ్మాండంగా మాట్లాడింది. ఫ్రంట్ డెస్క్ నుంచి లేపి కాగితాలు స్కాన్ చేసే గదిలో పడేస్తే దాన్ని డిమోషన్ అనకూడదట. రీఅలైన్‌మెంట్ అనాలట. కిటికీ కూడా లేదండీ అంటే, 'క్వయట్ స్పేస్' అంది."

"ఏసీ చల్లగుంటది కదక్కా అండ్ల."

"శవాల గదిలోనూ ఉంటుంది."

"అక్కా!"

"మరేంటి? నా యాస స్టూడెంట్లకి అర్థం కావట్లేదట! ఎనిమిదేళ్లు అర్థమైంది. ఫీజు కట్టలేదమ్మా, రిజిస్ట్రేషన్ ఆగిపోయింది అంటే ఏడ్చి మరీ అర్థం చేసుకున్నారు. ఈ కొత్త డైరెక్టర్ రాగానే నా ఇంగ్లీషు తెలుగైపోయింది."

"ఏమో అక్కా. ప్రూవ్ చేసుడు కష్టం."

"ఏం కష్టం? యాస తప్ప ఇంకో కారణం ఆయన చెప్పనే లేదు. నన్ను మెచ్చుకోని పాత బాస్ లేడు. నువ్వు పక్క డెస్కులో ఉండి అన్నీ చూశావు కదా."

"చూసిన... చూసిన. సిగ్నల్ పడ్డది, గ్రీన్."

"పడనీ. నాకు ఆ డెస్క్ కావాలి గిరిజా, అంతే. పొద్దస్తమానం మిషన్లో కాగితాలు పెట్టుకుంటూ, మనిషన్నవాడితో మాట లేకుండా ఉంటే పిచ్చెక్కుతోంది. మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన చెయ్యమన్నారు. పక్కావిడని చెయ్యమన్నాను. నేను నోరు తెరిస్తే వీళ్లకి అర్థమవుతుందా అనిపించింది. తెలుగు ప్రార్థనే! తెలుగువాళ్ల మధ్య! భయమేసింది, నిజంగా."

"అట్ల అనకు అక్కా."

"అందుకే నిన్ను ఇంతగా అడుగుతున్నా. బల్లకి అటు డైరెక్టరు, ప్యానెల్ వాళ్లు. ఇటు నేనొక్కదాన్నే. పక్కన నా మనిషి ఒకరుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"గురువారం నేను ఆ రూమ్‌లనే ఉంట అక్కా."

"హమ్మయ్యా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? డెంటిస్టూ లేడు, గాడిద గుడ్డూ లేదు."

"లేడు. కానీ నీ పక్కన కాదు."

"మరి?"

"అటు."

"అటేంటే?"

"పోయిన వారం డైరెక్టర్ పిలిచిండు. సోమవారం నుంచి ఫ్రంట్ డెస్క్ నాకే ఇస్తుండు. నాదీ నీ అసొంటి ఇంగ్లీషే కదక్కా... యాస ఉన్నా ముందర్నే కూసోబెడ్తున్నం, ఇగో చూడుండ్రి అని ప్యానెల్‌కి నన్ను చూపిస్తడట. నేను సరే అన్న."