ఎడమ పక్కకి వచ్చి కూర్చో

డెబ్బై ఎనిమిది, వానాకాలం. అదిగో, అప్పటి సంగతి ఇది. అడిగావు కాబట్టి చెప్తాను. కానీ అక్కడ కాదు. ఆ కుర్చీ లాక్కుని ఇటు, ఎడమ పక్కకి వచ్చి కూర్చో. కిటికీలోంచి జల్లు కొడుతోందా? కొట్టనీ. కాస్త తడిస్తే కరిగిపోతావా ఏంటి?

ఆఁ, మొండివాణ్ణే. మీ అమ్మా అదే అనేది. కూర్చో ముందు.

ఇందాక గుమ్మంలో నిలబడి ఏమన్నావు? మళ్ళీ అను. "నాన్నా, నువ్వు ఎన్నిసార్లు పడ్డా నవ్వేసేవాడివి కదా, దానికీ ఆ నవ్వు నేర్పు." ఎంత తేలిగ్గా అనేశావే తల్లీ! నవ్వు నేర్పడం అంటే జడ వెయ్యడం నేర్పినట్టా?

నా మనవరాలు చేసిన నేరం ఏంటి? బళ్ళో స్టేజీ మీద పెద్దమనిషికి మంచినీళ్ళు ఇవ్వబోతే మైకు వైరు కాలికి తట్టుకుంది. నీళ్ళు ఆయన ఒళ్ళో పడ్డాయి. గ్లాసు ఒకవైపు, పిల్ల ఒకవైపు. హాలంతా నవ్వింది. అంతేగా? అప్పటినుంచి బడికి పోనంటోంది. ఏదీ ముట్టుకోనంటోంది. పొద్దున చూశాను, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నువ్వు గ్లాసు నోటికి అందిస్తే తాగుతోంది, పసిపిల్లలాగా.

నా పోలికే అంటావు. నిజమే. ముక్కు మీ అత్తగారిది, చేతులు నావి. ఏం చేస్తాం?

నా చేతులకి పెద్ద చరిత్రే ఉందిలే. నేను పట్టుకున్నది ఏదీ నా దగ్గర నిలవలేదు. కుండ, చెంబు, దీపం చిమ్నీ, మా వదిన అద్దం. మా అమ్మ "నీ చేతులు పడిపోనూ" అని తిట్టేది. చేతులు పడిపోలేదు, చేతుల్లోవే పడిపోయాయి. బళ్ళో వేస్తే పలక పగలగొట్టాను. ఇంకోటి కొన్నారు, అదీ పగిలింది. "వీడికి చదువు రాకపోతే పోయె, పలకలకి చావొచ్చింది" అని మా నాన్న బడి మాన్పించేశాడు. నవ్వకు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. అందరూ నవ్వేవాళ్ళు, నేను గొడ్ల కొట్టంలో దూరి గోడకేసి తల కొట్టుకునేవాణ్ణి.

ఆ తర్వాతే అచ్చాఫీసు. మా అన్నయ్య బతిమాలి మోత పనికి కుదిర్చాడు. చేరిన వారంలోనే నాకు "దభేల్" అని పేరు పెట్టారు. ఎందుకో చెప్పాలా?

సీసం అక్షరాల సొరుగు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చమన్నారు. అంతే, గచ్చు మీద దభేల్! తలకట్లు, కొమ్ములు, ఒత్తులు అన్నీ కలిసిపోయి చీమల బారులాగా గది నిండా. అక్షరాలు పేర్చే కంపోజిటర్లు కొట్టినంత పని చేశారు. ఫోర్‌మన్ గారు మాత్రం కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చూశాడు. లావుపాటి మనిషి, నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. "పారబోసినవాడే ఏరాలి. ఏది ఏ గడిలోదో నేను చెప్తాను, కూర్చో" అన్నాడు.

పని అయిపోయి, దీపాలు పెట్టాక, ఆయన బల్ల మీద, నేను నేల మీద. ఇది క, ఇది త, ఇది దాని కొమ్ము. ఏరేలోపు మళ్ళీ ఇంకో సొరుగు పారబోసేవాణ్ణి. "నువ్వు కావాలనే పడేస్తున్నావురా, చదువు కోసం" అనేవాడాయన. నాకు అక్షరాలు అలా వచ్చాయమ్మా. నేను పారబోసిన చదువు నేనే ఏరుకున్నాను.

ఇంకో తమాషా ఉంది. సీసం అక్షరం తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడితేనే తిన్నగా అవుతుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అక్షరం అంటే అదే రూపం అనుకున్నాను. పెళ్ళికి ముందు మీ అమ్మకి ఒక ముక్క రాసి పంపాను, మొత్తం తిరగేసి. వాళ్ళింట్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారట. మీ అమ్మ దాన్ని అద్దం ముందు పెట్టుకుని చదువుకుంది. "ఇలా రాసేవాడికి మనసులో ఏదీ దాచడం రాదులే" అని ఒప్పేసుకుంది.

పాపం. అక్కడే పొరపాటు పడింది.

అసలు సంగతికి వస్తున్నా, తొందరపెట్టకు.

నవ్వు నేర్పింది కూడా ఆ ఫోర్‌మన్ గారే. ఒకరోజు సిరా డబ్బా తన్నుకుని బోర్లా పడ్డాను. లేచి, నవ్విన కుర్రకంపోజిటర్ మీదికి చెయ్యెత్తాను. ఆయన రెక్క పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాడు. "ఒరే దభేల్, పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారంటారు గానీ, ఆ మాట కడుపు నింపదు. నవ్వూ అచ్చు లాంటిదే. ముందు ఎవడు సిరా పూస్తే వాడి రంగే. నువ్వు పడ్డావనుకో, వాళ్ళ నోరు తెరుచుకునేలోపే నువ్వు నవ్వెయ్. దెబ్బకి చచ్చూరుకుంటారు" అన్నాడు.

చేసి చూశాను. మొదట్లో ఏడుపులా వచ్చింది ఆ నవ్వు. తర్వాత్తర్వాత బాగానే పట్టుబడింది. పడీపడక ముందే నవ్వు తయారు! "పక్కకి జరగండ్రా, నేల నన్ను పిలుస్తోంది" అనేవాణ్ణి. గోడకి తగిలితే గోడకే క్షమాపణ చెప్పేవాణ్ణి. అచ్చాఫీసు మొత్తం పడీపడీ నవ్వేది. పడేది నేను, పడీపడీ నవ్వేది వాళ్ళు! ఏ రోజైనా ఏమీ పడెయ్యకపోతే "ఏంటి దభేల్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. తిట్టుగా పెట్టిన పేరు ముద్దుపేరైపోయింది. సంతోషంగా లేనా అంటే, ఉన్నాను. అబద్ధం ఎందుకు? గొడ్ల కొట్టంలో తల బాదుకునేవాడికి అది చాలా పెద్ద సంగతి.

సరే. ఆ వానాకాలం. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

అక్షరాలు పేర్చేది మేడ మీద, మిషన్లు కింద. పేర్చిన పేజీని ఇనప చట్రంలో బిగిస్తారు, దాన్ని ఫారం అంటాం. అది మోసుకుంటూ మెట్లు దిగాలి. దిగేవాడు "ఫారం!" అని కేకెయ్యాలి, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకుంటారు. నాకు ఎప్పుడూ ఫారం ఇచ్చేవాళ్ళు కాదు. ఎవడిస్తాడు? జారితే రెండు రోజుల పని మట్టిపాలు. ఆరోజు మనుషులు తక్కువ, వాన. ఫోర్‌మన్ గారు నా మొహం చూసి, ఫారం చూసి, "తీసుకెళ్ళరా, ఏదైతే అదవుతుంది" అన్నాడు.

ఏ మహాగ్రంథమో అనుకునేవు. బస్సుల టైం టేబులు. అన్నీ అంకెలే. పడితే మళ్ళీ పేర్చలేక కంపోజిటరు ఉద్యోగం మానేసి పోతాడు.

"ఫారం!" అన్నాను. మెట్ల మీద ఎవరిదో తడి గొడుగు నీళ్ళు కారి ఉన్నాయి. కాలు జారింది.

ఇక్కడే చూడు విచిత్రం. పుట్టి బుద్ధెరిగాక ఏదీ పట్టుకోలేని ఈ చేతులు ఆరోజు వదల్లేదే! ఫారాన్ని బిడ్డలా గుండెకి హత్తుకున్నాను. వీపు మీద మెట్టు మెట్టూ దిగాను. కిందికొచ్చేసరికి మిషను ఇనప అంచుకి తల తగిలింది. కుడివైపు, ఇక్కడ. బుర్రలో పెద్ద గంట మోగినట్టయింది.

అప్పుడు ఏం చేశాననుకున్నావు?

నవ్వాను.

ఇంకేం చేస్తాను, అలవాటైపోయిందిగా! నోరు దానంతటదే తెరుచుకుంది. "దభేల్ పడ్డాడు గానీ ఫారం పడలేదురోయ్!" అన్నాను. అబ్బ, ఆ నవ్వులు! చప్పట్లు! మిషను ఆపి మరీ నవ్వారు. ఫోర్‌మన్ గారు మెట్ల మీద కూలబడి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఫారంలో ఒక్క అంకె కదల్లేదు. ఒక్కటి!

చెవిలోంచి ఏదో వెచ్చగా కారింది. మెడంతా అప్పటికే సిరా. ఎర్రదేదో నల్లదేదో ఎవడికి తెలుస్తుంది? గుడ్డతో తుడిచేసుకున్నాను.

చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పనే? నా జన్మలో మొదటిసారి నన్ను చూసి గర్వంగా నవ్వారు వాళ్ళు. "ఆగండ్రా, నాకు నొప్పిగా ఉంది" అంటే ఆ నవ్వు ఏమవుతుంది? మళ్ళీ "పాపం వెధవ" అయిపోనా? చెప్పినా నమ్మేవాళ్ళు కాదులే. అది కూడా దభేల్ వేషమే అనుకునేవాళ్ళు. అలా తయారుచేసింది నేనేగా!

ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోలేదు. గంట మోత కొన్నాళ్ళకి తగ్గింది. దాంతోపాటు మిగతా మోతలూ తగ్గాయి.

అవునే. కుడి చెవి. ఆరోజు నుంచి వినపడదు.

అలా చూడకు. ఇన్నేళ్ళూ నీకు ఇష్టం లేని మాట చెప్తే మొహం అటు తిప్పుకుంటానని సాధించావు కదా? అటు తిప్పేది నీకు ఎడమ చెవి ఇవ్వడానికేనే. మీ అమ్మకి తెలుసు. నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. రోడ్డు మీద నడిచేటప్పుడు నా ఎడమ పక్కకి మారిపోయింది, అంతే. పోయేదాకా అటే నడిచింది.

కాబట్టి నువ్వు అడిగినదానికి జవాబు ఇది. నేర్పుతాను. దాన్ని ఇటు పిలు, చెరో గాజు గ్లాసు పట్టుకుని కూర్చుంటాం. పగిలితే పగులుతాయి. పలకలే పోయాయి, గ్లాసులెంత? కానీ ఫోర్‌మన్ గారు నాకు నేర్పింది సగమే. నేను దానికి మొత్తం నేర్పుతాను. పడగానే నవ్వకూడదు. ముందు తడుముకోవాలి. ఎక్కడ తగిలిందో చూసుకోవాలి. "ఇక్కడ నొప్పిగా ఉంది" అని పక్కనున్నవాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఎంత నవ్వుతున్నా సరే. ఆ తర్వాత నవ్వు వస్తే నవ్వాలి. రాకపోతే మానెయ్యాలి.

"మీ తాతలా నవ్వెయ్" అని మాత్రం దానికి చెప్పకు.

ఎందుకో కూడా విను. నువ్వు ఏడెనిమిదేళ్ళ పిల్లవప్పుడు నా కుడి పక్కన పడుకునేదానివి. ఎడమ పక్క మీ అమ్మది, అందుకని అటు నీ చోటు. నా చెవి పట్టుకుని ఏవో రహస్యాలు చెప్పేదానివి. నేను నవ్వేవాణ్ణి. నవ్వితే నీకు సంతోషం. ఒక్క ముక్క వినపడలేదమ్మా నాకు. నీ ఊపిరి వెచ్చగా తగిలేది, మాట ఉండేది కాదు.

ఒకరోజు చాలాసేపు చెప్పావు. మామూలుగానే నవ్వాను. భుజం తడిగా తగిలి చూస్తే, ఏడుస్తున్నావు.

ఏం చెప్పావో ఆరోజు... గుర్తుందా?

వద్దులే. చెప్పేదుంటే తర్వాత చెబుదువుగాని, ఇటువైపు నుంచి.

ఆ మర్నాటి నుంచి నువ్వు మీ అమ్మ పక్కన పడుకున్నావు.