గోడ మీద నంబరు

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు పక్కన ఒక చిన్న డాబా ఇల్లు. లైన్ల పని ఉంది, పదకొండింటికి కరెంటు తీసేస్తామని పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. అప్పటినుంచీ కోడలు ఇర్ఫానాకి కాలు ఒకచోట నిలవడం లేదు. అత్తగారు షాహిదాబీ మాత్రం ముందు చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఫ్రిజ్జు కట్టేసా. ఫ్యాను కూడా కట్టేస్తున్నా అత్తమ్మా."

"ఇంకా కరెంటే పోలేదు గదే. కరెంటుండగా ఫ్యాను తిరిగితే ఇన్వర్టరు బ్యాటరీకి ఏం పోయింది?"

"ఏమో, నాకేం తెలుసు. చెయ్యి ఊరుకోవట్లేదు."

"ఊరుకోకపోతే వచ్చి నాలుగు కాయలు ఒలువు. అట్లా టీవీ దగ్గర తచ్చాడకు. వైరు కాలికి తగిలిందంటే అంతే సంగతులు."

"తగలట్లేదు. నేనిక్కడున్నా, అదక్కడుంది. దాని మొహం కూడా చూట్టంలా."

"నిన్న నువ్వన్న మాటకి, ఇవాళ నువ్వు దానికి కాపలా కాయడం... బాగుందే ఇర్ఫానా."

"ఏమన్నాను?"

"ఏమన్నావా? ఈ డబ్బా టీవీ, ఈ గేము పెట్టె రెండూ పాత సామాన్ల బండిలో వేసేస్తా, నువ్వొచ్చేసరికి ఉండవు అన్లా?"

"కోపంలో అన్నా."

"వాడు కూడా కోపంలోనే విన్నాడు మరి."

"అదే కదా నా భయం! ఇప్పుడు కరెంటు పోయి, ఇది టప్పుమని ఆగిపోయిందనుకోండి. నేనే ఆపేశానంటారు మీ అబ్బాయి. జన్మంతా అంటారు. ముసలాళ్ళమయ్యాక కూడా అంటారు."

"కరెంటు తీస్తున్నారని ఫోన్ చేసి చెప్పావా?"

"చెప్పా. సరిగ్గా ఇవాళే గుర్తొచ్చిందా కరెంటోళ్ళకి అన్నారు. అదీ నమ్మకం."

"అసలు ఆటని అట్లా సగంలో వదిలేసి పోవడం ఏంటి వాడు. రాత్రంతా ఆ వెలుగు కళ్ళలో పడి నాకు నిద్ర పట్టలా."

"మరి ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది కదా, లోడింగు టర్నొచ్చిందని. టర్ను పోగొట్టుకుంటే లారీ మళ్ళీ ఎన్నాళ్ళు గేటు దగ్గర పడుంటదో. ఆటని అట్లా ఆపి పరిగెత్తారు. ఆపితే ఆగుద్ది గానీ, కరెంటు పోతే మొత్తం పోద్దంట. ఆ కాలం గేము క్యాసెట్లకి ఆటని దాచుకోవడం లేదంట."

"ఎంత దగ్గరికి వచ్చిందేంటి?"

"రెండు లక్షల ఎనిమిది వేలు. మామగారు వాళ్ళ వీడియో గేముల షాపు గోడ మీద రాసుకున్నది రెండు లక్షల పదహారు వేలు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత దగ్గరికి రాలేదంట."

"ఫోటో తీసి పెట్టుకో, పోతే పోయింది."

"నేనూ అదే అన్నా. ఓడిపోయిన నంబరుకి ఫోటో ఎందుకే అన్నారు."

"పిచ్చోడు."

"పిచ్చి కాదత్తమ్మా. నాకు ఒట్టేసి చెప్పారు. నాన్న నంబరు దాటిన రోజున నా చేత్తో నేనే దీన్ని మూటగట్టి అటక మీద పెట్టేస్తా, మళ్ళీ అడగను అని. అందుకే, ఒట్టు, ఈ ఊళ్ళో ఆయన గెలవాలని నాకన్నా ఎక్కువ కోరుకునేవాళ్ళు లేరు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు, ఆ నాలుగు రోజులూ దాని ముందే."

"లారీ తోలేవాడికి కాస్త సరదా ఉండొద్దా?"

"సరదా అయితే ఫోన్లో లేవా? తుపాకులతో కాల్చుకుంటా ఆడేవి కొల్లలున్నాయి. ఈ ఇటుకలు పేర్చే టెట్రిస్సే ఫోన్లో కూడా ఉంది. అందులో దాటితే దాటినట్టు కాదంట. అదే పెట్టె, అదే క్యాసెట్టు, అదే ప్యాడు ఉండాలంట. షాపు మూసేసి ఇన్నేళ్ళయినా ఈ డబ్బా టీవీని రిపేర్లు చేయిస్తా మోస్తున్నారు."

"బస్టాండు వెనక ఉండేది షాపు. నాలుగు టీవీలు. తుపాకుల గేముకి, కార్ల గేముకి పిల్లలు వరస కట్టేవాళ్ళు. ఈ ఇటుకల గేము దగ్గరికి ఎవడూ వచ్చేవాడు కాదు."

"ఎందుకని?"

"చచ్చేవాడు లేడు, చంపేవాడు లేడు. ఇటుకలు రాల్తానే ఉంటాయి, పేరుస్తానే ఉండాలి. గెలవడమంటూ ఉండదు అందులో. ఎంతసేపు పడిపోకుండా ఉన్నామన్నదే. మగపిల్లలకి అదేం నచ్చుద్ది?"

"మీకెట్లా తెలుసు ఇవన్నీ?"

"షాపు మనదైతే తెలీదా?"

"మా నందిగామలో కూడా ఉండేది ఒక షాపు, గాంధీ బొమ్మ దగ్గర. ఆడపిల్లల్ని గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. నేను మా నాన్న నోకియా ఫోన్లో పాము గేము ఆడుకుని ఊరుకునేదాన్ని."

"ఇక్కడా అంతే. ఆడవాళ్ళు ఎవరొస్తారు."

"మరి మీరు వెళ్ళేవాళ్ళు కదా?"

"ఊడవడానికి పోయేదాన్ని. మధ్యాహ్నం పూట మీ మామ ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసి వచ్చేదాకా నేను కూర్చునేదాన్ని. షట్టరు సగం దించుకుని."

"అంతసేపు ఒక్కరే? ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తాం... ఇట్లాగే. కాయో కసరో బాగు చేసుకుంటా."

"షట్టరు దించుకునా?"

"ఎండ కొట్టుద్ది మరి. ఆ గిన్నె ఇటు జరుపు."

"మామగారు చనిపోయేముందు మీ అబ్బాయితో ఒక మాటన్నారంటగా. లారీ తోలడం వచ్చింది గానీ నా నంబరు దాటడం నీ వల్ల కాలేదురా అని. నవ్వుతానే అన్నారంట. కానీ ఈయన మనసులో అది ముల్లులా దిగబడిపోయింది. నిద్రలో కూడా వేళ్ళు కదుపుతారు, ప్యాడు నొక్కినట్టు."

"అనకుండా ఉండాల్సింది. ఆ మాట అనే హక్కు ఆయనకి..."

"ఏంటత్తమ్మా?"

"ఏం లేదు. ఫోన్ మోగుతోంది చూడు."

"ఆయనే. హలో?"

"ఉందా?"

"ఉంది."

"ఉందా, ఆపేసావా? నిజం చెప్పు."

"ఉందండీ! మీ అమ్మగారు ఇక్కడే ఉన్నారు, అడగండి. స్పీకర్లో పెట్టా."

"ఉందిరా ఐజాజ్. నీ పెళ్ళాం దానికి దిష్టి తీయడం ఒక్కటే తక్కువ. నువ్వెక్కడ?"

"నందిగామలోనే అమ్మా. గొడౌన్ దగ్గర ఇరుక్కుపోయా. సగం బస్తాలు దించి హమాలీలు టీకి పోయారు. వెనక ఇంకో లారీ అడ్డం పెట్టాడు. ఇప్పుడు బయల్దేరినా ముప్పావు గంట."

"పదకొండు దాటుద్ది ఎట్లాగూ."

"ఇర్ఫానా, ఇన్వర్టరు మీద ఎంతసేపు ఉంటుంది?"

"బ్యాటరీలో నీళ్ళు పోయమని పోయిన నెల నుంచీ చెప్తున్నా. విన్నారా?"

"ఇప్పుడు అది కాదు నేనడిగింది—"

"అదే! అదే అడగాలి! నేను చెప్పినప్పుడు వినరు, తర్వాత నేనే ఆపేశానంటారు!"

"అన్నానా? ఇంకా అన్లేదు కదా!"

"ఇంకా! చూసారా అత్తమ్మా, ఇంకా అంట!"

"ఉండండెహె, ఇద్దరూ. అదిగో, పోయింది కరెంటు."

"పోయిందా? అమ్మా, టీవీ? టీవీ ఉందా?"

"ఉంది. ఒకసారి కళ్ళార్పింది గానీ ఉంది."

"యా అల్లా... ఇన్వర్టరు అప్పుడే కూత పెడుతోంది. ఎర్ర లైటు వెలుగుతోందండీ."

"అప్పుడేనా? ఇర్ఫానా, విను. ప్యాడు తీసుకో. నువ్వే ఆడు."

"నేనా?"

"ఇంకెవరున్నారు? ఎడమ పక్కన సందు వదిలిపెట్టా, నాలుగు వరసల లోతు. అందులో నిలువు ముక్క ఒక్కటి దింపితే చాలు, దాటిపోద్ది. అది వచ్చేదాకా మిగతా ముక్కల్ని కుడివైపు సర్దుతా ఉండు."

"నా వల్ల కాదు. నేను ఓడగొడితే?"

"ఓడితే ఓడావు."

"ఇప్పుడట్లాగే అంటారు. రేపు?"

"అనను."

"కావాలనే చేసావంటారు."

"అననే. నువ్వు ఆపవని నాకు తెలుసు. రాత్రి గేటు దగ్గర లారీలో పడుకుని కూడా అదే అనుకున్నా, ఇర్ఫానా తిడుద్ది గానీ తియ్యదు అని. ఆపేసావా అని అడిగా చూడు, అది నా నోటి దురుసు."

"...అయినా నాకు ఆడటం రాదండీ. పాము గేము తప్ప ఏదీ రాదు నాకు."

"ఇంకెంతసేపు కూస్తది అది? మొదలెట్టు!"

"ఇట్లా ఇవ్వవే ప్యాడు."

"మీరా అత్తమ్మా?"

"చేతులు తుడుచుకోనీ. ఆ కళ్ళద్దాలు అందుకో. చేట పక్కకి లాగు."

"ఎవరు? ఏంటి? ఎవరికిస్తన్నావు?"

"మీ అమ్మగారు తీసుకున్నారు."

"అమ్మా! నీకేం తెలుసు అమ్మా! అది మామూలు స్పీడు కాదు. పోయింది. ఇంక పోయినట్టే."

"నువ్వు నోర్ముయ్యరా. ఇర్ఫానా, వెలుతురు అడ్డం రాకు."

"అమ్మో, ఎంత స్పీడుగా పడుతున్నాయి! అత్తమ్మా, వంకరది వస్తోంది—"

"కనబడుతోంది."

"సందు మూసేస్తున్నారు!"

"మూయలా. పక్కన ఆనించా. చూడు."

"అవును... అవునండీ, మూయలేదు. సరిగ్గా కూర్చుంది!"

"ఏం జరుగుతోంది అక్కడ? ఎవరన్నా చెప్పండి!"

"మీ అమ్మగారు ప్యాడు చూడకుండానే తిప్పుతున్నారండీ. ముక్క సగం దిగకముందే దానికి చోటు చూసిపెడుతున్నారు."

"టీవీలో పక్కనున్న గడిలో తర్వాత వచ్చేది కనబడుద్ది, అది చూడు. నాకు చెప్తా ఉండు."

"చదరంది... తర్వాత మళ్ళీ వంకరది... ఎత్తు పెరిగిపోతోంది అత్తమ్మా, పైదాకా వచ్చేస్తోంది."

"రానీ. భయపడి సందు మూసేవాళ్ళే ఇందులో పోతారు."

"కూత ఆగట్లేదు. లైటు కొట్టుకుంటోంది."

"నిలువుది వచ్చిందా?"

"రాలా... రాలా... అత్తమ్మా! నిలువుది! తర్వాతది నిలువుదే!"

"చూసా. ఈ ఒక్కటి సర్దనీ... ఇదిగో. ఇంక రావే తల్లీ."

"దిగుతోంది... దిగింది! నాలుగు వరసలూ పోయినాయి! అబ్బా, టీవీ అంతా మెరిసింది!"

"నంబరెంత? నంబరెంతే?"

"రెండు లక్షల... ఇరవై ఏడు వేలు! దాటిందండీ! దాటింది!"

"ఆపా. ఫోటో తియ్యి ముందు."

"తీసా... తీసా. బాగా వచ్చింది. అయ్యో, టీవీ పోయింది."

"పోతే పోనీ. దాని పనైపోయింది పాపం."

"హలో? వింటున్నారా? ఏమండీ? లైన్లో ఉన్నారా?"

"ఉన్నా."

"ఫోటో పంపిస్తున్నా, చూడండి."

"చూస్తాలే. మంచిదే. ఇంటికొచ్చాక పెట్టె మూటగట్టి అటక మీద పెట్టేస్తా. మాటంటే మాటే."

"అట్లా అంటారేంటి? దాటింది కదా?"

"దాటింది. నేను కాదు కదా దాటింది. ఇన్నేళ్ళు కూర్చున్నా, నా వల్ల కాలా. నాన్న అన్నది నిజమే అయింది. నాన్న నంబరుని అమ్మ ఒక్క చేత్తో, చిక్కుడుకాయలు పక్కన పెట్టి..."

"అటక మీద పెట్టొద్దులెండి. ఉండనివ్వండి. నాకేం అడ్డం లేదు."

"నిన్న పాత సామాన్ల బండిలో వేస్తానంది నువ్వే కదే."

"కోపంలో అన్నానని చెప్పా కదండీ. అత్తమ్మా, మీరన్నా చెప్పండి. అట్లా చీకటి టీవీకేసి చూస్తా కూర్చున్నారేంటి? కళ్ళు తుడుచుకుంటున్నారేంటి?"

"అద్దాల కింద చెమట."

"అమ్మా, ఒకటడుగుతా. నీకీ ఆట ఎవరు నేర్పారు? నాన్నా?"

"మీ నాన్నకి తుపాకుల గేము ఒక్కటే వచ్చు. ఇటుకల గేములో రెండో మెట్టు దాటి ఎరగడు."

"అదేంటి? మరి గోడ మీద రాసిన నంబరు?"

"ఒక మధ్యాహ్నం నిద్రలేచి వచ్చి టీవీలో నేను ఆడింది చూసాడు. ఆడది షాపులో కూర్చుని ఆడుతోందని తెలిస్తే ఊళ్ళో నవ్వుతారు, పిల్లలు రావడం మానేస్తారు అన్నాడు. పెయింటు డబ్బా తెచ్చి ఆ నంబరు గోడ మీద రాసి, పక్కన జిలానీ అని ఆయన పేరు పెట్టుకున్నాడు. పోనీలే, మొగుడే కదా అనుకున్నా. కానీ అదే నంబరు చూపించి నిన్ను దెప్పిన రోజున మాత్రం నిజం నా నోటిదాకా వచ్చింది."

"అమ్మా..."

"నువ్వు మీ నాన్న దగ్గర ఎప్పుడూ ఓడిపోలేదురా నాయనా. ఇవాళ ఆయన నంబరుని ఎవరూ దాటలేదు కూడా. నా నంబరు నేనే దాటుకున్నా."