నడక లేని ఆట

ఫోన్లు బాగుచేసే కొట్లో బావ ఒక ఫోను విప్పుకుని కూర్చున్నాడు. తీరిక దొరికితే వీడియో గేమ్‌లు ఆడి, ఆ ఆటల వీడియోలు నెట్‌లో పెట్టడం అతని సరదా. అంతలో బావమరిది చిందులు తొక్కుతూ వచ్చాడు.

"నువ్వాడి పెట్టిన ఆ కత్తుల ఆటకి కొత్తగా వచ్చిన రెండో భాగం శుద్ధ దండగ బావా! కొండ ఎక్కడం, కొండ దిగడం. మొదటిదాంట్లో అడుగడుక్కీ కత్తియుద్ధమే!"

"మొదటిది నువ్వెప్పుడు ఆడావురా?"

"నీ వీడియోలన్నీ చూశాగా! ఒక్కటీ వదల్లేదు."

బావకి ఒళ్లు మండింది.

"ఒరేయ్ మేధావీ, అందులోనూ నడకే. గంట నడిస్తే ఒక యుద్ధం. చూసేవాళ్లు పారిపోతారని నడకంతా నేనే కత్తిరించి పారేశాను."

తనకు ఆ ఆటలో ప్రాణమంతా ఆ నడక మీదేనని మాత్రం చెప్పలేదు.

"అంటే నన్ను మోసం చేశావన్నమాట!"

"మోసపోవడానికీ ఓ అర్హతుండాలిరా. సరే, కొత్తది ఎంతసేపు ఆడావు?"

"ఆడటమా? పొద్దున ఎవడో పెట్టిన వీడియో చూశా. వాడికి కత్తిరించడం కూడా చేతకాదు."

బావ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

బావమరిది దాన్ని తీసి అందిస్తూ అన్నాడు. "ఇది కూడా నువ్వే ఆడి పెట్టు బావా. అప్పుడు చూసి, బాగుందో లేదో చెబుతా."