గాలి ఆడని పెట్టె

అలా గుమ్మం దగ్గర మందుల సంచి దింపేసి వెళ్ళిపోతానంటే ఎలాగమ్మా యాదలక్ష్మీ? లోపలికి రా. ఆ స్టూలు వద్దు, సోఫాలో కూర్చో. మంచినీళ్ళైనా పుచ్చుకో. వద్దా? సరే.

కోపం ఉంటుంది. ఉండాలి కూడా. నిన్న రాత్రి ట్రస్టు వారు నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. నర్సుకు యంత్రం వాడటం చేతకాలేదన్నారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. తల పంకించాను.

ఆసుపత్రికి వెళ్ళి సైదులును చూసి వచ్చావటగా? కళ్ళు తెరిచాడా! అమ్మయ్య... ఇంకా మాట్లాడటం లేదా.

ఎల్బీ నగర్‌లో నల్గొండ బస్సులు ఆగే చోట మన ట్రస్టు వైద్య శిబిరం. సైదులు బస్సు దిగి ఛాతీ రుద్దుకుంటూ వచ్చాడు. నువ్వు వైర్లు అంటించావు. ఈసీజీ గీత సగం దాకా వచ్చి తెర నల్లబడింది. మళ్ళీ పెట్టావు, మళ్ళీ నల్లబడింది. "గ్యాసేనమ్మా, జర సోడా తాగితే పోతది" అంటూ లేచి వెళ్ళి, మెట్రో మెట్ల దగ్గర కూలిపోయాడు. అంతేనా? గీత పూర్తిగా వచ్చి ఉంటే నువ్వు అతన్ని కదలనిచ్చేదానివా? ఎందుకు కదలనిస్తావు!

మరి ఆ యంత్రం పెట్టెలో కంప్యూటరును ఎంపిక చేసింది ఎవరనుకున్నావు? నేనే. ఈసీజీ, బీపీ, ఆక్సిజన్, అన్నీ ఒకే పెట్టెలో ఉండాలి. అన్నిటినీ ఒకే కంప్యూటరు నడపాలి. ఇంజనీరు అమ్మాయి అలేఖ్య, ఫ్యాను అక్కర్లేని చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి తెచ్చింది. అరచేతిలో పట్టేది. "ఎండకీ దుమ్ముకీ ఇదే ఆగుతుంది అంకుల్. ల్యాప్‌టాప్ అయితే గాలి ఆడాలి" అంది.

మేము పరీక్షించింది ఎక్కడ? చైతన్యపురిలో, మా అపార్ట్‌మెంటు హాల్లో, ఏసీ వేసుకుని, జీడిపప్పు ఉప్మా తింటూ!

నిజం చెప్పనా? ఆ చిన్న బోర్డు తెర మీద వచ్చేది నాకు అర్థం కాలేదు. మనవరాలి వయసు పిల్లను అడగడానికి అహం అడ్డొచ్చింది. ఉద్యోగమంతా విండోస్ మీదే గడిపాను కదా, ల్యాప్‌టాప్ అయితే నలుగురి ముందూ నేనే వివరించవచ్చు. అందుకని ల్యాప్‌టాపే మేలంటూ ఇంగ్లీషులో గంభీరంగా ఒక ఉపన్యాసం ఇచ్చాను. "సాంబమూర్తి గారు చెప్పాక తిరుగేముంది" అన్నారందరూ.

అంతవరకే అయితే ఏదో ఒకటి చెప్పుకుని సరిపెట్టుకునేవాణ్ణి. ఎక్కడికమ్మా? కూర్చో. అసలుది ఇంకా చెప్పలేదు.

మా ఇల్లు ఒకసారి చూడు. ఫ్రిజ్‌కు కవరు, మిక్సీకి కవరు, రిమోట్‌కు ప్లాస్టిక్ తొడుగు. కొత్త వస్తువును ఊరికే వదిలేస్తే మాకు నిద్ర పట్టదు. ప్రారంభోత్సవం ముందు, దిల్‌సుఖ్‌నగర్‌లో సీటు కవర్లు కుట్టే ఆయన చేత ఆ పెట్టెకు మెరూన్ రెక్సిన్ తొడుగు కుట్టించాను. బంగారు రంగు అక్షరాలతో ట్రస్టు పేరు. బిగుతుగా, ముడత లేకుండా, గాలి పోయే కన్నాల మీదుగా. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వూ కొట్టావు!

ఎండలో అది లోలోపలే ఉడికి, తనంతట తానే ఆగిపోయింది. అంతే జరిగింది.

నిన్న యంత్రం కంపెనీ వాళ్ళు తనిఖీకి వచ్చే ముందు... ఆ తొడుగు నేను విప్పేశాను. మా ఆవిడ బీరువాలో, పట్టుచీరల కింద దాచాను. వాళ్ళు ఎంతసేపు నడిపినా యంత్రం ఆగలేదు. యంత్రంలో దోషం లేదంటే ఇక మిగిలింది ఎవరు? నువ్వే.

ఏమన్నావు? "గిప్పుడు చెప్తున్రా సారూ" అనా? అను. ఇంకా అను. పడతాను.

ఉండమ్మా, ఫోను. ట్రస్టు అధ్యక్షులు పట్టాభి గారు. మంచిదే అయింది, ఇప్పుడే చెప్పేస్తాను, నీ ఎదుటే.

హలో, నమస్కారమండీ... ఆఁ, వచ్చిందండీ. సంచి అప్పగించింది... కొత్త నర్సా? సోమవారం నుంచా?... మంచిదండీ, మంచిది... లేదండీ, గొడవేమీ చేయలేదు. నెమ్మదైన పిల్ల, పాపం... ఉంటానండీ.

అలా చూడకు తల్లీ. ఫోనులో చెప్పే మాటలా ఇవి?