కడిగిచ్చిన చేప

భావనపాడులో ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న తల్లి పక్కన, టెక్కలి కాలేజీ నుంచి వచ్చిన కూతురు నవ్వు ఆపుకుంటూ కూలబడింది.

"ఏటే, పరీచ్చ బాగా రాసినావా?"

"రాసీది కాదమ్మా, ప్రాక్టికల్. సేపని కోసి లోపల గుండె, కాలేయం సూపించాలి. నాను అలవాటుకొద్దీ పొట్ట సీరి, పేగులన్నీ పారబోసి, సుబ్బరంగా కడిగి మేడం ముందర ఎట్టాను."

"కడక్కుండా ఎలాగిత్తారే మరి?"

"ఆ పారబోసిందే పరీచ్చమ్మా!"

తల్లి చేపలు తిరగేయడం ఆపేసింది. "అయితే పోయినట్టేనా?"

"లేదు. మేడం కడుపుబ్బ నవ్వి, ఇంకో సేపిచ్చారు. ఈసారి ఒక్క నరం తెగకుండా అన్నీ సూపించాను. నీ సేతిలో పనితనం ఉంది, డిగ్రీ అవగానే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు సెయ్యి, లేదంటే పీజీ సేసి ఫిషరీస్ ఉద్యోగానికి రాయి అన్నారు."

"నీకేది ఇష్టం?"

"పీజీయే. ఈ సేపల మీదే."

"ఈ కంపు వదుల్తాదని సదివిత్తే, మళ్ళీ సేపలేనా!"

తల్లి మూతి ముడిచింది. అలాగే బుట్టలోంచి కోయని చేప ఒకటి తీసి, కత్తిపీటతో సహా కూతురి ముందుకు జరిపింది.

"ముప్పయ్యేళ్ల నుంచి సూడకుండా పారబోత్తన్నాను. ఇందులో గుండె ఏదో నాకూ సూపించు."