ఫోన్ చెప్పిన అంకె

అబిడ్స్‌లో పుస్తకాల షాపు పైగదిలో ప్రతి ఆదివారం నలుగురు బల్ల చుట్టూ కూర్చొని, పాచికలతో యుద్ధాల కథ ఆడతారు. పెద్ద అంకె పడితే కథలో తమ మనిషి బతుకుతాడు, చిన్నది పడితే చస్తాడు. మైకేల్, ఇంకొకడు చాయ్‌కి కిందికి దిగారు; చూపు లేని అమ్మాయి, ఆమె పక్కన కూర్చునే అక్క మిగిలారు. అమ్మాయి, కెమెరాతో చూసి చదివి చెప్పే కొత్త ఫోన్‌ను తన ఇరవై ముఖాల పాచిక మీదికి పట్టుకుంది. ‘నాలుగు’ అంది ఫోన్.

“అక్కా, దీనికేమైంది? పొద్దుగాల్నుంచి రెండు, మూడు, నాలుగు. పదిహేనుకు తక్కువ నాకెన్నడన్న పడ్డదా?”

“కెమెరాకు సక్కగ కనవడ్తలేదేమోనే.”

“మైకేల్ పాచిక సక్కగనే చదివింది గద. నాదే తప్పు చదువుతదా?”

అక్క పాచికల డబ్బా సర్దసాగింది.

“రెండేండ్లు నా పాచిక చదివింది నువ్వే. నా చేతులు ఇయ్యాల్నే పాడైనయా?”

“నీ యోధురాలు మొదటి వారమే సచ్చిపోతే నువ్వు మళ్ల రావనుకున్న. జర పెంచి చెప్పిన.”

“ఎన్నిసార్లు?”

“యాదికి లేదు.”

ఆటలో రాక్షసుణ్ణి చంపి కోట గెలిచానని అమ్మాయి ఇంట్లో అందరికీ చెప్పుకుంది.

“మరి కోట గెలిచింది నేనా, నువ్వా?”

“ఆడింది నువ్వే గదనే.”

“నాకేం సమజైతలేదక్కా. నాతోని ఆడినవా, నామీద జాలిపడ్డవా? నాంపల్లి నుంచి ఆటో ఎక్కి గిందుకేనా వచ్చింది?”

మెట్ల మీద అడుగుల చప్పుడు.

“వాళ్లొస్తున్నరు. మళ్ల వెయ్యి, ఎవరు సూసిన్రు?”

“నాలుగు పడ్డది!” అని ఆమె గట్టిగా అరిచింది, మెట్ల దాకా వినపడేలా. “నా యోధురాలు సచ్చింది. కొత్తదాన్ని రాసుకుంటా, జర ఆగున్రి.”