చేతి మీది పెద్దాయన

ప్రొద్దుటూరు బస్టాండు బయట మాబున్ని టీ అంగట్లో శివ కుడిచెయ్యి బల్ల మీద చాపి కూర్చోనుండాడు. మోచేయి కింద నుంచి మణికట్టు దాకా టాటూ: మా పక్క లీడరు పెద్దాయన మొగం, మెళ్ళో పార్టీ కండువా, కింద 'మా ప్రాణం మీరే' అని రాత. శివ కానిస్టేబులు పరీక్ష రాసి, పరుగులో నెగ్గినాడు. మెడికల్ ఒక్కటే మిగిలింది. చేతి మీద ఇంత బొమ్మ ఉంటే ఉద్యోగానికి పనికిరావంటారని చెప్పినారంట. కడపలో చర్మం డాక్టరమ్మ లేజరుతో పోతుంది గానీ ఒక్కసారితో కాదు, విడతలు విడతలుగా ఏడాది పట్టొచ్చు అనిందంట.

అప్పుడు అంగట్లో ఉండేది నేను, రిటైరైన అయ్యవారు రఘురామ్ సారు, ఫ్లాస్కులో టీ పోపిచ్చుకునేదానికి వచ్చి బెంచీ చివర కూర్చున్న ఒక నడివయసు ఆడమనిషి. అంతలోకి జమ్మలమడుగు నారాయణ బండి ఆపి లోపలికి వచ్చినాడు. పెద్దాయన మీటింగులకు పిల్లోళ్ళను పోగేసేది ఈయనే. శివ చెయ్యి చూసి, సంగతి విని, కుర్చీ లాక్కున్నాడు.

"దీనికి లేజరెందుకురా. నాదీ ఇదే బొమ్మ కదా, ఇంట్లో కూర్చోని నేనే తీసుకుంటి."

"నీకూ ఉండెనా మామా?"

"లేకుండా ఎట్ల ఉంటాది? ఆయన పుట్టినరోజుకు మిమ్మల్నందర్నీ జమ్మలమడుగుకు పిలిపించి టాటూలు ఏపిచ్చిందే నేనైతే. మీయి జానెడంత, నాది సంగటి తట్టంత. బాగనే ఉండె. ఎలక్షన్లయినాక ఆయన కండువా మార్చె. నిన్నటిదాకా మనం ఎవురితో తలకాయలు పగలగొట్టుకుంటిమో వాళ్ళింట్లోనే పెండ్లి భోజనానికి కూర్చునె. ఇంగ నేను ఈ చెయ్యి పెట్టుకోని యాడ తిరిగేది చెప్పు, పాతోళ్ళు చూస్తే ద్రోహి అంటారు, కొత్తోళ్ళు చూస్తే పాత కండువా బొమ్మ అంటారు, ఎండాకాలంలో గూడా నిండు చేతుల చొక్కా ఏసుకోని తిరిగితి."

"అది నిజమే," అన్నాడు రఘురామ్ సారు.

"సరే, ముందు కప్పిపెడదామని టాటూలేసే పిల్లోని కాడికి పోతి. వాడు మొగం మీద సింహాన్ని ఏసినాడు, నల్లగా, దట్టంగా, జూలు గీలు అన్నీ పెట్టి. పొద్దున్నే లేచి చూస్తే సింహానికి మీసాలు. ఎవురివి? పెద్దాయనవే. మర్నాటికి కండువా గూడా వచ్చె. దాని మీద గండికోట ఏపిచ్చినా, గోడలూ బురుజులూ, మొగం యాడా కనపడకుండా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది నారాయణన్నా?" అనింది మాబున్ని గ్లాసులు కడుగుతా.

"బురుజు మీదికెక్కి చెయ్యి ఊపుతాండాడు."

సారు నవ్వినాడు. శివ నవ్వలేదు.

"నవ్వండి సారూ, పడినోనికి తెలుస్తాది. బెంగుళూరు పోతి. ఆడ లేజరు మిషను లారీ ఇంజనంత ఉండాది. డాక్టరు నా కండ్లకు నల్లద్దాలు కట్టి వెలుగు కొట్టినాడు, ఒక పక్క మీసం రోంత తెల్లబడింది, అంతే, మిషను పొగ కక్కి పడిపోయింది. ఇంగోటి తెచ్చినారు, అదీ అంతే. మూడోది పెట్టేతలికి ఆ పేటంతా కరెంటు పాయె, ఇండ్లల్లోనుంచి జనమంతా వీధిలోకి వచ్చిరి. డాక్టరు నా చెయ్యి పట్టుకోని, అయ్యా ఈ సిరా ఏ దేశానిది అన్యాడు. సిరా కాదు సామీ, అభిమానం, అంటి. పక్క గదిలో ఇంగో డాక్టరు, కోసి తీసి కుట్లేస్తా అన్యాడు. కత్తి పెట్టినాడు, కత్తి వంగింది. గొడ్డలి తెస్తావా అంటి. దండం పెట్టి పంపిచ్చిరి."

"గొడ్డలి," అన్నాడు సారు తనలో తాను.

"ఊరికొచ్చి మా ముసలి జేజి చెప్పిన మందు నూరితి. సున్నం, బట్టల సోడా, ఇంగొకటి ఉండాది, అది నీకు చెవిలో చెప్తాలే శివా. గట్టిగా పట్టీ కట్టి పండుకుంటి. నొప్పి లేదు, మంట లేదు. తెల్లారి ఇప్పితే, గుడ్డ మీద వడియం ఎండినాక లేస్తాది చూడు, అట్ల బొమ్మ అంచు లేచింది. పట్టుకోని లాగితే పెద్దాయన కండువాతో సహా ఊడొచ్చినాడు. రక్తం చుక్క లేదు. తీసి దండెం మీద ఆరేస్తి."

"ఆరేసినావా?" అన్నా నేను.

"తడిది మడిచి పెడతారాప్పా? గాలొచ్చి ఎత్తుకుపాయె. పెన్న మీదుగా పోయి పోయి మైలవరం డ్యాం గేటుకు అతుక్కునె. ఆడుండే ఇంజనీర్లు చూసి, పెద్దాయనే వచ్చి నిలబడి నీళ్ళు ఇడవమంటాండాడనుకోని గేట్లెత్తేసిరి. నడి ఎండాకాలంలో చెన్నూరు దాకా పెన్న పారింది. మడికి నీళ్ళు పెట్టుకోనోడు పాపాత్ముడు. ఆయన పదవిలో ఉన్నన్నాళ్ళూ రాని నీళ్ళు, ఆయన బొమ్మ ఊడిపోతే వచ్చె."

ఈ మాటకు నేనూ నవ్వినా. మాబున్ని నవ్వింది. శివ మాత్రం చెయ్యి రుద్దుకుంటా ఉండాడు. వానికి డ్యామూ గేట్లూ పట్టలేదు. సున్నం కాడనే ఆగిపోయుండాడు.

"నిజంగా మంట ఉండదా మామా?"

"చీమ కుట్టినట్ల గూడా ఉండదు."

బెంచీ చివర కూర్చున్న ఆమె అప్పుడు నోరు తెరిచింది. "ఆ మందు ఇంగెవురికన్నా చెప్పినావా నాయనా?"

"చెప్పినావా అంటావేందక్కా. పులివెందుల పక్క హర్ష అని ఒక పిల్లోడు. మిలిటరీకి పోవాల, చేతి మీద ఇదే బొమ్మ. ఫోన్లో ఏడిస్తే ఫోన్లోనే చెప్తి. ఒక్క పూట, అంతే, చెయ్యి కడిగిన అద్దమైపాయె. మిలిటరీ డాక్టరు ఆ చేతిని చూసి కండ్లకద్దుకున్యాడంట. ఇప్పుడు కాశ్మీరులో ఉండాడు. మంచుకొండ మీద నిలబడి ఆ చేత్తో సెల్యూటు కొడితే, ఆ తళుకుకు అవతలి దేశమోళ్ళు తుపాకులు దించి కండ్లు మూసుకుంటారంట."

"నీ చెయ్యి చూపీ మామా," అన్నాడు శివ.

నారాయణ ఆ మాట కోసమే కాచుకున్నట్ల చొక్కా గుండీ ఇప్పి మోచేయి పైదాకా మడిచినాడు. "చూడు. మచ్చ ఉండాదా? వెంట్రుక పోయిందా?"

శివ వేలితో తడిమినాడు. "ఏమీ లేదు సారూ," అన్నాడు మా పక్క తిరిగి. వాని మొగంలో ఆశ చూస్తే నాకు భయమేసింది.

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. తానూ ఆ చెయ్యిని నిదానంగా చూసింది.

"బొమ్మే పొడిపిచ్చుకోకపోతే చెయ్యి మీద మచ్చ యాడుంటాది నాయనా," అనింది. "నా పేరు గురమ్మ. హర్ష నా కొడుకు."

మాబున్ని కడిగే గ్లాసు పక్కన పెట్టింది.

"కాశ్మీరులో లేడు వాడు. ఈ రోడ్డు చివర ఆసుపత్రిలో ఉండాడు. నువ్వు చెప్పినట్లే కట్టు కట్టుకున్యాడు. మండుతాందని నీకు ఫోన్ చేస్తే, మందు పని చేస్తాంది, ఓర్చుకో అన్యావంట. మిలిటరీకి పొయ్యేవోడు ఈ మాత్రం ఓర్చుకోవాల కదా అని పండ్లు కరుచుకోని పడుకున్యాడు. నాకు గూడా చెప్పలేదు. పొద్దున ఇప్పితే తోలుతో పాటు కండ వచ్చె. తొడ మీద తోలు కోసి చేతికి అతికినారు. అంత చేసినా బొమ్మ మొత్తం పోలేదు. ఒక కన్ను మిగిలింది. వాడు పండుకున్యా లేచినా అది వాన్ని చూస్తానే ఉంటాది."

"సున్నం ఎక్కువేసింటాడక్కా," అన్నాడు నారాయణ. "కొలత తప్పింటాడు."

"నువ్వెంత ఏసుకున్యావు?"

నారాయణ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

"ఆ పుట్టినరోజు నాడు పిల్లోళ్ళందరికీ అయిపోయి నీ వంతు వచ్చిందంట. ఫోనొచ్చిందని బయటికి పోయి మల్ల రాలేదంట. మామకు సూదంటే భయంమా అని హర్ష ఇంటికొచ్చి నవ్వుతా చెప్పినాడు. ఆ పొద్దు నేనూ నవ్వితి."

నారాయణ మా మొగాలు చూసినాడు. సారు రోడ్డు పక్క తిరిగి కూర్చున్నాడు. నేను తల దించుకున్నా. ఇంతసేపూ నవ్విన నోరు నాది గూడా.

"పెద్దాయనతో చెప్పి ఏదో ఒకటి చేపిస్తాలే అక్కా," అన్నాడు చివరికి.

"పోతి నాయనా ఆయన ఇంటికి. కొడుకు చెయ్యి ఫోటో చూపిస్తి. ఇది పాత కండువా బొమ్మ, లోపలికి ఇడిచేది లేదు అని గేటు కాడనే చెప్పి పంపిరి."

నారాయణ లేచినాడు. టీ తాగకుండానే పోయి బండెక్కినాడు. అది వెంటనే స్టార్టు కాలేదు. కిక్కు కొడుతా, కొడుతా, మా పక్క చూడకుండా ఉండడానికి తంటాలు పడినాడు. ఎవురూ లేచి సాయం పోలేదు. కడాకు దాన్ని తోసుకుంటా జమ్మలమడుగు రోడ్డు పట్టినాడు.

శివ ఇంగా చెయ్యి బల్ల మీద నుంచి తీయలేదు.

"ఆసుపత్రిలో ఏమంటాండారు పెద్దమ్మా, బొమ్మ తీసేదానికి?"

"లేజరే మేలు, నిదానంగా పోతాది అన్యారు నాయనా. ముందే వాళ్ళ కాడికి వచ్చింటే ఇంత అయ్యేది కాదంట."

"నిదానమంటే ఏడాదంట. మెడికల్ వచ్చే నెలనే. ఇంగో నోటిఫికేషన్ వచ్చేతలికి నాకు వయసు దాటిపోతాది."

గురమ్మ ఫ్లాస్కు అందుకోని, మూత బిగించి, వాని చెయ్యి పక్క చూసింది.

"దాటితే దాటనీ," అనింది. "మావానికి చేతివేళ్ళు ముడుచుకోవు. అంత పెద్ద పిల్లోనికి అన్నం నేనే కలిపి పెడతాండా."